రెండో కార్డు, ఐదో నిమిషం: ఒక 32 బిట్ల డ్రైవర్ కేసు

విశాఖ మధురవాడలో ఒక చిన్న ఎంబెడెడ్ కంపెనీలో కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) డ్రైవర్ల పని చూస్తాను. ఈ కేసు పోర్టు ఏరియాలోని ఒక బొగ్గు యార్డుది. ఎవరిదన్నది ఇక్కడ అవసరం లేదు. అక్కడ కన్వేయర్ బెల్టు కింద లోడ్‌సెల్స్ ఉంటాయి. మీటరు బెల్టు మీద ఎన్ని కిలోలుందో లోడ్‌సెల్ చెబుతుంది, బెల్టు ఎంత జోరుగా పోతోందో టాకో చెబుతుంది. రెంటినీ గుణించి కూడుకుంటూ పోతే ఎన్ని టన్నులు దాటిందో తెలుస్తుంది. లోడ్‌సెల్ ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. దాన్ని అంకెగా మార్చేది ఒక పాత పీసీఐ కార్డు. ఆ అంకెల్ని కూడేది ఒక పాత ప్రోగ్రాము. ఆ రెంటికీ మధ్య మనిషి డ్రైవర్.

వాళ్ల పాత 32 బిట్ల పీసీ ఉప్పుగాలికి పోయింది. సముద్రం పక్కన పెట్టిన ప్యానెల్ లోపల బోర్డులు ఎలా పచ్చబడతాయో ఈ ఊళ్లో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. దాని స్థానంలో 8 జీబీ మెమరీ, 64 బిట్ల లినక్స్ ఉన్న కొత్త పెట్టె వచ్చింది. కార్డు పాతదే. ప్రోగ్రాము సోర్సు ఎవరి దగ్గరా లేదు, 32 బిట్ల బైనరీ ఒక్కటే మిగిలింది. 64 బిట్ల కెర్నెల్ మీద 32 బిట్ల ప్రోగ్రాము నడుస్తుంది కాబట్టి అది సమస్య కాదు. డ్రైవర్‌కి మాత్రం ఆ వెసులుబాటు లేదు, కెర్నెల్‌లో భాగం కాబట్టి అది 64 బిట్లకే కంపైల్ అవ్వాలి. అదృష్టవశాత్తూ డ్రైవర్ సోర్సు ఉంది, రెండు వేల లైన్ల సీ కోడు. మాకంటే ముందు ఎవరో దాన్ని 64 బిట్లకి మార్చి, ఒక్క వార్నింగూ లేకుండా కంపైల్ చేసి ఇచ్చి వెళ్లారు.

యార్డు ఇన్‌స్ట్రుమెంటేషన్ ఫోర్‌మన్ గారు ఫోన్ చేసి చెప్పింది ఇదీ: "ఏటవుతందో తెలట్లేదు మేడమ్‌గారూ. రెండో బెల్టు కోసమని రెండో కార్డు పెట్టినకాడి నుంచి సిస్టం నిలబడట్లేదు. అది తీసేస్తే బాగానే ఉంటంది." ఫోన్ పెట్టేసే ముందు ఇంకో రెండు మాటలు కలిపారు. రిపోర్టు బటన్ నొక్కితే ఎర్రర్ వస్తోందట. కొత్త పెట్టె వచ్చాక లారీ కాటాకీ బెల్టు లెక్కకీ పొంతన కుదరట్లేదట. ఆ రెండు మాటలూ నేను ఒక కాగితం మీద రాసుకున్నాను కానీ, అప్పటికి పట్టించుకోలేదు. ఫిర్యాదు రెండో కార్డు గురించే అనుకున్నాను.

ఫొటోలో పదహారు అంకెలు

డ్రైవర్ పడిపోయింది టైమర్ కాల్‌బ్యాక్ (టైమర్ మోగినప్పుడు కెర్నెల్ పిలిచే ఫంక్షన్) లోపల. అంటే మిగతా పని ఆపి నడిచే ఇంటరప్ట్ సందర్భంలో. అక్కడ ఊప్స్ (కెర్నెల్ తన తప్పుని చెప్పే సందేశం) వస్తే కెర్నెల్ ప్యానిక్ అయిపోతుంది, డిస్కు మీద లాగ్ రాసే సమయం కూడా ఉండదు. అందుకే వాళ్లు స్క్రీన్‌కి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. ఆ ఫొటోలో నాకు కావలసింది ఒకే ఒక్క వరస: ఏ అడ్రసు ముట్టుకోబోయి పడిపోయిందన్నది.

0000 0000 0736 4800.

ఇవి హెక్సాడెసిమల్ అంకెలు, ఒక్కోటి 4 బిట్లు, ఎఫ్ అంటే నాలుగూ 1లే. ఎక్స్86 (ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్ల రకం)లో 64 బిట్ల కెర్నెల్ అడ్రసులతో పని చేసేవాళ్లకి ఈ అంకె చూడగానే అనుమానం వస్తుంది. డ్రైవర్ నడుస్తుండగా మెమరీ అడిగితే తీసిచ్చే ఫంక్షన్ కేజాలాక్. అది ఇచ్చే అడ్రసులు నాలుగు ఎఫ్‌లతో మొదలవుతాయి. అడ్రసుల్ని గజిబిజి చేసే కేఏఎస్‌ఎల్‌ఆర్ ఆపేసి చూస్తే ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ 888 దగ్గర భౌతిక మెమరీ మొత్తానికీ నేరు మ్యాపు మొదలవుతుంది. కాబట్టి అసలు అడ్రసు బహుశా ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ 8881 0736 4800 లాంటిది అయ్యుండాలి. ఫొటోలో ఉన్నది దాని కింది సగం. పై సగాన్ని ఎవరో కోసేశారు.

ఇంత వరకూ పది నిమిషాల పని. ఎక్కడ కోశారన్నదానికి మాత్రం రెండు రోజులు పట్టింది.

మా ల్యాబ్‌లో స్పేర్ కార్డు ఒక్కటే ఉంది. దాన్ని పెట్టి డ్రైవర్ ఎక్కిస్తే గంటలకొద్దీ హాయిగా నడిచింది. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు అడ్రసుల్ని ప్రింట్ చేసి పోలుద్దామని ప్రింట్‌కే అనే కెర్నెల్ ప్రింట్ ఫంక్షన్‌లో పర్సెంట్ పీ పెట్టాడు. రెండు చోట్లా వచ్చిన అంకెలు దేనికీ పోలిక లేకుండా ఉన్నాయి. కెర్నెల్ 4.15 నుంచి పర్సెంట్ పీ నిజం అడ్రసు చూపించదు, దాన్ని హ్యాష్ చేసి చూపిస్తుంది. భద్రత కోసం పెట్టిన ఏర్పాటు అది. డీబగ్ చేసేటప్పుడు పర్సెంట్ పీఎక్స్ వాడాలి, పని అయ్యాక తీసేయాలి. అది మార్చాక తెలిసింది: మొదటి కార్డు అడ్రసు ఎనిమిది ఎఫ్‌లు, ఆ వెనక సీ041 2080. ఇది కేజాలాక్ ఇచ్చే అడ్రసుల పోలికలో లేదు. మాడ్యూల్ (కెర్నెల్‌లోకి ఎక్కించిన డ్రైవర్) లోపలే చోటు కేటాయించిన స్టాటిక్ వేరియబుల్ అడ్రసు.

అప్పుడు సోర్సులోకి వెళ్లి చూస్తే విషయం బయటపడింది. ఈ డ్రైవర్ పుట్టినప్పుడు ఒక్క కార్డు కోసమే రాశారు. దాని నిర్మాణాన్ని (సీలో స్ట్రక్ట్) గ్లోబల్‌గా, స్టాటిక్‌గా పెట్టారు. తర్వాత ఎప్పుడో రెండో కార్డు అవసరం వచ్చి, "ఇండెక్స్ సున్నా అయితే పాత స్టాటిక్, కాకపోతే కేజాలాక్" అని ఒక షరతు కలిపారు. మొదటి కార్డు ఎప్పుడూ ఒక దారిలో, రెండో కార్డు ఎప్పుడూ ఇంకో దారిలో పోతుంది. నేను ఆ షరతుని తీసేసి ల్యాబ్‌లో ఉన్న ఒక్క కార్డునే కేజాలాక్ దారిలోకి తోశాను. ఎక్కించిన క్షణంలోనే పెట్టె పడిపోయింది. రెండో కార్డు లేకుండానే రెండో కార్డు బగ్గు నా బల్ల మీదకి వచ్చింది.

మెషీన్ కోడుని విప్పి చూపే ఆబ్జ్‌డంప్‌తో కాల్‌బ్యాక్‌ని విప్పి చూస్తే, కార్డు పాయింటర్ (కార్డు నిర్మాణం ఉన్న అడ్రసు) తీసుకునే చోట మూవ్‌ఎస్‌ఎల్‌క్యూ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉంది. మెమరీ నుంచి 32 బిట్లు చదివి, ప్లస్సో మైనస్సో చెప్పే పై గుర్తు బిట్‌ని పైకి సాగదీసి 64 బిట్ల రిజిస్టర్‌లో పెట్టే ఇన్‌స్ట్రక్షన్ అది. నిజమైన పాయింటర్‌ని చదవడానికి దాంతో పనే లేదు, మామూలు మూవ్‌క్యూ చాలు. పాయింటర్ ఉండాల్సిన చోట ఆ ఇన్‌స్ట్రక్షన్ కనిపించిందంటే, ఆ పాయింటర్ ఎక్కడో ఇంట్‌లో (సీలో 4 బైట్ల అంకెల రకం) నిద్ర చేసి వచ్చిందన్నమాట.

మొదటి కార్డు ఎందుకు బతికింది

ఇక్కడ కాసేపు ఆగాలి. ఇదే ఈ కేసులో నాకు అన్నిటికంటే విలువైన భాగం.

ఛానెల్ నిర్మాణంలో ఓనర్ అని ఒక ఫీల్డు ఉంది. రకం ఇంట్. అందులో కార్డు పాయింటర్‌ని దాచారు. 32 బిట్ల రోజుల్లో ఇంట్, లాంగ్, పాయింటర్ మూడూ 4 బైట్లే కాబట్టి ఇది తప్పుగా కనిపించదు. 64 బిట్ల లినక్స్‌లో ఇంట్ 4 బైట్లే ఉండిపోయింది, లాంగూ పాయింటరూ 8 అయ్యాయి. మరి మొదటి కార్డు పాయింటర్ కూడా అదే ఇంట్‌లో దాక్కుంది కదా, అది ఎలా క్షేమంగా తిరిగొచ్చింది?

ఎక్స్86 64 బిట్ల కెర్నెల్‌లో, కెర్నెల్ కోడునీ మాడ్యూళ్లనీ అడ్రసు పటంలో చిట్టచివరి 2 జీబీలో పెట్టారు. ఎనిమిది ఎఫ్‌లు, ఆ వెనక 8 అంకె నుంచి పైన. ఇది కావాలని చేసిన ఏర్పాటు. మైనస్ గుర్తున్న 32 బిట్ల అంకెని సాగదీస్తే సరిగ్గా ఆ ప్రాంతంలోకే వస్తుంది కాబట్టి, ఇన్‌స్ట్రక్షన్లలో పూర్తి 8 బైట్ల అడ్రసు మోయకుండా 4 బైట్లతో సరిపెట్టవచ్చు. జీసీసీ కంపైలర్‌లో ఎంసీమోడల్ కెర్నెల్ అనే ఆప్షన్ దీని కోసమే ఉంది. ఆ ఏర్పాటే మన తప్పుకి కూడా గొడుగు పట్టింది. సీ041 2080లో పై బిట్ 1. ఇంట్‌గా కోసి, మళ్లీ 64 బిట్లకి సాగదీస్తే ఖాళీ అయిన పై 32 బిట్లూ 1లతో నిండాయి. అంటే ఎనిమిది ఎఫ్‌లు. పోయినదేదో అచ్చంగా అదే తిరిగొచ్చింది. ఫీల్డు అన్‌సైన్డ్ ఇంట్ అయ్యుంటే పై భాగం సున్నాలతో నిండి, మొదటి కార్డుతోనే, మొదటి రోజే పడిపోయేది. ముందు మార్చినవాళ్లకి అప్పుడే తెలిసిపోయేది.

కేజాలాక్ అడ్రసులకి ఆ గొడుగు లేదు. 0736 4800లో పై బిట్ 0, కాబట్టి పైన సున్నాలు నిండి ఎక్కడో యూజర్ అడ్రసుల ప్రాంతంలోకి పోయి పడింది. ఇది మేలైన రకం, వెంటనే పడిపోతుంది, ఫొటో తీయవచ్చు. అదే ఇంకో రోజు మెమరీ వేరే చోట దొరికి, కింది సగం 9624 0800 అయితే? పై బిట్ 1. సాగదీస్తే ఎనిమిది ఎఫ్‌లతో మొదలయ్యే అడ్రసు అవుతుంది, కేఏఎస్‌ఎల్‌ఆర్ కెర్నెల్‌ని ఎక్కడ పెట్టిందన్నదాన్ని బట్టి అది కెర్నెల్ సొంత కోడు మధ్యలో పడవచ్చు. అక్కడ చదివితే ఫాల్ట్ రాదు. కోడు బైట్లని కార్డు సెట్టింగులనుకుని చదువుకుంటూ పోతుంది. ఫోర్‌మన్ గారు ఒకసారి "మొన్న పడిపోలేదు గానీ రెండో బెల్టు మీద పిచ్చి అంకెలొచ్చాయి" అన్నది ఇదే అయ్యుంటుందని నా నమ్మకం.

నోరు మూయించే టైప్‌కాస్ట్

కుర్రాడు అడిగాడు. "మేడమ్, పాయింటర్‌ని ఇంట్‌లో పెడితే జీసీసీ అరుస్తుంది కదా. మరి వార్నింగ్ ఒక్కటీ రాలేదేంటి?"

అరుస్తుంది. పాయింటర్‌ని నేరుగా ఇంట్‌కి టైప్‌కాస్ట్ చేస్తే, అంటే బలవంతంగా రకం మారిస్తే, "సైజు వేరైన ఇంటిజర్‌కి మారుస్తున్నావు" అని చెబుతుంది. కానీ ముందు మార్చినవాళ్లు ఆ వార్నింగుని చూసి, మధ్యలో లాంగ్ ఇరికించారు. ముందు లాంగ్‌కి, తర్వాత ఇంట్‌కి. పాయింటర్ నుంచి లాంగ్‌కి సైజు సమానం, కాబట్టి కంపైలర్‌కి అభ్యంతరం లేదు. లాంగ్ నుంచి ఇంట్‌కి నువ్వే కావాలని కుదిస్తున్నావు, అదీ సరే. రెండు మెట్లు విడివిడిగా చట్టబద్ధం, కలిస్తే సగం అడ్రసు మాయం. తిరుగు దారిలో కూడా అంతే, ఇంట్‌ని లాంగ్ చేసి, ఆ తర్వాత పాయింటర్ చేశారు. మూవ్‌ఎస్‌ఎల్‌క్యూ పుట్టింది అక్కడే.

ముందు మనిషిని తప్పుబట్టడం సులభమే కానీ, నిజం ఏమిటంటే ఇదే రెండు మెట్ల టైప్‌కాస్ట్ చాలా చోట్ల సరైనది. చిన్న అంకెని పాయింటర్ రూపంలో పంపించాల్సిన సందర్భాలు కెర్నెల్‌లో బోలెడు. కెర్నెల్ థ్రెడ్‌కి ఒక ఆర్గ్యుమెంట్ ఇవ్వాలంటే అది వాయిడ్ పాయింటర్ అయి తీరాలి, మనం పంపాలనుకున్నది ఛానెల్ నంబర్ 3. ఏ హార్డ్‌వేర్‌కి ఏ డ్రైవర్ అని చెప్పే డివైస్ ట్రీ మ్యాచ్ పట్టికలో డేటా ఫీల్డు కూడా వాయిడ్ పాయింటరే, డ్రైవర్లు అందులో చిప్ మోడల్ నంబర్‌ని పెడతాయి. దాన్ని నేరుగా ఈనమ్‌గా (పేర్లు పెట్టిన అంకెల రకం) మారిస్తే క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ వార్నింగ్ ఇస్తుంది, అన్‌సైన్డ్ లాంగ్ మీదుగానో, పాయింటర్ పట్టేంత అంకె రకం యూఇంట్‌పీటీఆర్ మీదుగానో తీసుకుంటే ఒప్పుకుంటుంది. అది న్యాయమైన దిద్దుబాటు, ఎందుకంటే అక్కడ పుట్టింది అంకె. అంకె పాయింటర్ వేషం వేసుకుని, మళ్లీ అంకెగా దిగింది. 3 ఎన్ని బిట్ల పెట్టెలో ప్రయాణం చేసినా 3గానే దిగుతుంది. మన ఓనర్ ఫీల్డులో జరిగింది దీనికి తలకిందులు. అక్కడ పుట్టింది పాయింటర్. అది అంకె వేషం వేసుకుంది, ఆ చొక్కా చిన్నదైపోయింది.

కాబట్టి గ్రెప్ (ఫైళ్లలో పదాలు వెతికే కమాండ్) కొట్టి అన్నీ ఒకేలా దిద్దడం కుదరదు. ఫైళ్లలో ఇలాంటి టైప్‌కాస్ట్‌లు 17 దొరికాయి. కాగితం మీద వరసగా రాసి, ఒక్కోదాని ఎదురుగా "పుట్టుక?" అని ఒక గడి పెట్టాను. కుర్రాడు ఒక్కోటీ వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, ఆ విలువ మొదట ఎక్కడ పుట్టిందో చూసి నింపాడు. 12 చోట్ల పుట్టుక అంకె. వాటిని ముట్టుకోలేదు. 4 చోట్ల పుట్టుక పాయింటర్, నాలుగూ ఓనర్ ఫీల్డు చుట్టూనే. మిగిలిన ఒకటి పీసీఐ బార్ అడ్రసు, అంటే కార్డు రిజిస్టర్లు మెమరీ పటంలో కనిపించే చోటు. అది పాయింటరూ కాదు, మామూలు అంకె కూడా కాదు, భౌతిక అడ్రసు. అన్‌సైన్డ్ ఇంట్‌లో ఉంది. పాత కార్డు బార్ 32 బిట్లదే కాబట్టి ఈ పెట్టెలో అది 4 జీబీ దాటి పోలేదు, ప్రమాదం లేదు. అయినా కెర్నెల్ దాని కోసమే ఇచ్చిన రీసోర్స్ సైజు రకానికి మార్చాను.

ఓనర్ విషయంలో దిద్దుబాటు ఎంత చిన్నదంటే చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు. ఫీల్డు రకాన్ని ఇంట్ నుంచి కార్డు నిర్మాణానికి పాయింటర్‌గా మార్చి, నాలుగు టైప్‌కాస్ట్‌లనీ తీసేశాను. ఇంట్‌ని అన్‌సైన్డ్ లాంగ్ చేసినా పని జరిగేది. లినక్స్ కెర్నెల్‌లో లాంగ్ ఎప్పుడూ పాయింటర్ అంతే ఉంటుందన్నది అందరూ ఆధారపడే ఒప్పందం. 64 బిట్ల విండోస్‌లో లాంగ్ 4 బైట్లే, అక్కడ ఈ అలవాటు పని చేయదు. కానీ అది కాదు కారణం. ఆ ఫీల్డు కార్డుని చూపిస్తుంది కాబట్టి దాని రకం కూడా అదే చెప్పాలి. అప్పుడు రేపు ఎవరైనా దాన్ని ఇంకెక్కడైనా తప్పుగా వాడబోతే కంపైలర్ నోరు తెరుస్తుంది.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. పాత కోడులో కార్డు రిజిస్టర్ల నిర్మాణం అన్‌సైన్డ్ లాంగ్‌లతో రాసి ఉండేది. అలాగే వదిలేస్తే 64 బిట్లలో రెండో రిజిస్టర్ 4వ బైటు దగ్గర కాకుండా 8వ బైటు దగ్గర వెతికేది. ముందు మనిషి దాన్ని ఎప్పుడూ 32 బిట్లే ఉండే యూ32కి మార్చి సరిగ్గా పెట్టారు. హార్డ్‌వేర్ గీసిన గీతకి 32 బిట్లే కొలత, అక్కడ పెంచకూడదు. అన్నిటినీ 64 చేసేయడం పోర్టింగ్ కాదని వాళ్లకి తెలుసు.

రిపోర్టు బటన్

రాసిపెట్టుకున్న కాగితం ఇప్పుడు గుర్తొచ్చింది. రిపోర్టు బటన్ నొక్కితే పాత ప్రోగ్రాము ఒక ఐఓసీటీఎల్ (ప్రోగ్రాము డ్రైవర్‌ని పని అడిగే పిలుపు) పిలుస్తుంది. దానికిచ్చే నిర్మాణంలో నాలుగు ఫీల్డులు: 32 బిట్ల ఛానెల్ నంబర్, బఫర్ పాయింటర్, 32 బిట్ల పొడవు, 64 బిట్ల టైమ్‌స్టాంప్. నిర్మాణంలో ఏ ఫీల్డు ఎక్కడుందో చూపే పాహోల్‌తో రెండు వైపులా కొలిచాం. 32 బిట్ల ఎక్స్86 ప్రోగ్రాములో అవి 0, 4, 8, 12 దగ్గర ఉన్నాయి, మొత్తం 20 బైట్లు. 64 బిట్ల కెర్నెల్‌లో 0, 8, 16, 24 దగ్గర, మొత్తం 32. కాంపాట్ ఐఓసీటీఎల్ అని ఇలాంటి ప్రోగ్రాముల కోసం వేరే ద్వారం ఉంది. ముందు మనిషి ఆ ద్వారానికి కూడా 64 బిట్ల ఫంక్షన్‌నే తగిలించారు. దాంతో కెర్నెల్ బఫర్ పాయింటర్ అనుకుని 8వ బైటు నుంచి చదివింది పొడవునీ, టైమ్‌స్టాంప్‌లో కింది సగాన్నీ కలిపిన ముద్ద. అది ఏ అడ్రసూ కాదు, కాబట్టి "బ్యాడ్ అడ్రస్" అని తిప్పికొట్టింది. తిప్పికొట్టడమే మేలు. పొరపాటున ముందుకెళ్లి 32 బైట్లు తిరిగి రాసుంటే ప్రోగ్రాము స్టాక్‌లో 12 బైట్లు చెరిగేవి.

ఐఓసీటీఎల్ నంబర్లని కెర్నెల్ మాక్రోలతో తయారు చేసుంటే నిర్మాణం సైజు నంబర్‌లోనే ఇమిడి ఉండేది, 20కీ 32కీ నంబర్లు వేరై మొదటి రోజే తెలిసేది. పాత డ్రైవర్‌లో నంబర్లు చేత్తో రాశారు. 32 బిట్ల వైపుకి వేరే నిర్మాణం పెట్టి, అందులో పాయింటర్ బదులు 32 బిట్ల కాంపాట్ యూపీటీఆర్, 64 బిట్ల ఫీల్డుకి కాంపాట్ యూ64 వాడాం. రెండోది ముఖ్యం, 32 బిట్ల ఎక్స్86లో 64 బిట్ల అంకె 4 బైట్ల గట్టు (4తో భాగించబడే అడ్రసు) మీదే కూర్చుంటుంది. ఆర్మ్ ప్రాసెసర్లలో అయితే 32 బిట్లలో కూడా 8 బైట్ల గట్టు కావాలి. సైజు 20 కాకపోతే కంపైలే అవ్వకూడదని ఒక స్టాటిక్ అసర్ట్ పెట్టి వదిలాం.

వంద టన్నులకి రెండు

మూడో ఫిర్యాదే, కాటాతో పొంతన కుదరని లెక్కే, నన్ను నిలవనివ్వలేదు.

కాటా 100 టన్నులంటే బెల్టు 98 అంటోంది. ఇది మొదటి కార్డుతో కూడా, పడిపోకుండా, మూడు వారాలుగా. బొగ్గు యార్డులో రెండు టన్నులు తేడా వస్తే ముందు అనుమానం మనుషుల మీదకే పోతుంది. లారీ వాళ్లని ఆపి అడిగారట. తర్వాత కాలిబ్రేషన్ కుర్రాళ్లని నిలదీశారట. వాళ్లు చెక్ వెయిట్లు పెట్టి చూస్తే ఒకసారి కచ్చితంగా వస్తుంది, ఇంకోసారి తక్కువ వస్తుంది. "మేం ఏం చేశామండీ, పెట్టిన బరువే పెట్టాం" అని ఆ కుర్రాళ్లలో ఒకతను నాతో అన్న తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఎప్పుడు కచ్చితంగా వచ్చిందని అడిగాను. కాసేపు ఆలోచించి, "పెట్టె ఆపి, ఆన్ చేసి, వెంటనే చేసినప్పుడండీ" అన్నాడు. ఆ ఒక్క మాట చాలు.

లినక్స్‌లో జిఫీస్ అని టిక్కులు లెక్కపెట్టే కౌంటర్ ఉంది. అది సున్నా నుంచి మొదలవదు. బూట్ అయిన 5 నిమిషాలకి 32 బిట్ల కౌంటర్ నిండి సున్నాకి తిరిగేలా, కావాలనే వెనక నుంచి మొదలుపెట్టారు. కౌంటర్ తిరిగినప్పుడు పుట్టే బగ్గులు నెలల తర్వాత కాకుండా ఐదో నిమిషంలోనే దొరకాలని కెర్నెల్ రాసినవాళ్ల ఉద్దేశం. మా కెర్నెల్‌లో సెకనుకి 250 టిక్కులు, కాబట్టి మొదలు 4294892296. అక్కడి నుంచి 75000 టిక్కులు, అంటే 300 సెకన్లు గడిస్తే 32 బిట్లు నిండుతాయి. 64 బిట్ల యంత్రంలో జిఫీస్ అన్‌సైన్డ్ లాంగ్ కాబట్టి అది తిరగదు, 33వ బిట్‌లోకి ఎక్కి ముందుకు పోతుంది.

డ్రైవర్‌లో ఒక వాచ్‌డాగ్ ఉంది. చివరిసారి శాంపిల్ వచ్చిన టిక్కుని "లాస్ట్" అనే ఫీల్డులో పెడుతుంది, 2 సెకన్లు దాటినా ఇంకోటి రాకపోతే కార్డుని రీసెట్ చేస్తుంది. లాస్ట్ రకం అన్‌సైన్డ్ ఇంట్. జిఫీస్ లోంచి లాస్ట్ తీసేసి, 500 కంటే ఎక్కువా అని చూడటం, అంతే. 32 బిట్లలో ఇది తప్పు లేని లెక్క, కౌంటర్ తిరిగినా తీసివేత సరిగ్గానే వస్తుంది. 64 బిట్లలో ఐదో నిమిషం దాకా కూడా సరిగ్గానే వస్తుంది. ఆ తర్వాత జిఫీస్‌లో 33వ బిట్ ఉంటుంది, లాస్ట్‌లో దానికి చోటు లేదు. తేడా ఎప్పుడు చూసినా 400 కోట్ల పైన. అంటే ప్రతి 100 మిల్లీసెకన్లకీ వాచ్‌డాగ్ "కార్డు చచ్చిపోయింది" అనుకుని రీసెట్ కొడుతుంది. రీసెట్ తర్వాత కార్డు మళ్లీ శాంపిల్స్ ఇవ్వడానికి దాదాపు 2 మిల్లీసెకన్లు పడుతుంది. నూటికి రెండు.

ఇక్కడ టైప్‌కాస్ట్ లేదు, వార్నింగ్ లేదు, ఊప్స్ లేదు. సందేశం ప్రింట్ చేసే లైను డీబగ్ స్థాయిలో ఉండటంతో లాగ్‌లోనూ ఏమీ లేదు. డైనమిక్ డీబగ్ ఆన్ చేసి, పెట్టె రీస్టార్ట్ చేసి, కుర్రాడూ నేనూ స్క్రీన్ ముందు కూర్చున్నాం. 297, 298, 299 దాకా నిశ్శబ్దం. 300 దాటగానే రీసెట్ లైన్లు వాన కురిసినట్టు మొదలయ్యాయి. కుర్రాడు నా వైపు చూశాడు. నాకు ముందు గుర్తొచ్చింది యార్డులో ఆ కాలిబ్రేషన్ కుర్రాడి ముఖం.

లాస్ట్‌ని అన్‌సైన్డ్ లాంగ్ చేసి, చేత్తో తీసివేసే లెక్క బదులు టైమ్ ఆఫ్టర్ మాక్రో పెట్టాం. ఆ మాక్రో రెండు వైపులా అన్‌సైన్డ్ లాంగే ఉందా అని కంపైల్ చేసేటప్పుడే తనిఖీ చేస్తుంది. మొదట రాసినవాళ్లు దాన్ని వాడి ఉంటే 64 బిట్లకి మార్చిన రోజే ఈ లైను బయటపడేది.

యార్డులో

ప్యాచ్‌లు విడివిడిగా కట్టాం, ఓనర్‌కి ఒకటి, కాంపాట్‌కి ఒకటి, లాస్ట్‌కి ఒకటి, బార్‌కి ఒకటి. అదనపు వార్నింగులిచ్చే డబ్ల్యూ 1తో కంపైల్ చేసి, కెర్నెల్ కోడుని తనిఖీ చేసే స్పార్స్‌తో చూసి తీసుకెళ్లాం. స్పార్స్ అడ్రసు ప్రాంతాలు కలిసిపోయిన చోట్ల పట్టుకుంటుంది. మన మూడు తప్పుల్లో అది ఒక్కటీ పట్టి ఉండేది కాదని ఇక్కడ నమోదు చేస్తున్నాను. రెండు కార్డులూ పెట్టి రాత్రంతా నడిపాం. పడిపోలేదు. రిపోర్టు వచ్చింది.

పొద్దున్నే మొదటి లారీల లెక్క చూస్తే బెల్టు ఈసారి కాటా కంటే ఎక్కువ చెబుతోంది. నూటికి రెండు ఎక్కువ. కాసేపు గుండె ఆగినంత పనైంది. ఆ మూడు వారాల్లో తక్కువొస్తోందని ఎవరో స్పాన్‌ని (కాలిబ్రేషన్‌లో బరువుని గుణించే అంకె) ఆ మేరకు పెంచి పెట్టారు. మన తప్పుకి వాళ్లు వేసిన అతుకు, తప్పు పోయాక అదే తప్పైంది. చెక్ వెయిట్లు తెప్పించి, పెట్టె ఆన్ చేశాక అరగంట ఆగి, మళ్లీ కాలిబ్రేట్ చేయించాం. డ్రైవర్‌లో కొలతకి సంబంధించిన ఏ దిద్దుబాటు చేసినా కాలిబ్రేషన్ మళ్లీ చేయాలని మా అప్పగింత కాగితంలో మొదటి లైనుగా ఇప్పుడు రాస్తున్నాం. ఆ కుర్రాళ్ల తప్పు లేదని యార్డు మేనేజర్ గారికి విడిగా ఒక పేజీ రాసిచ్చాను, ఐదో నిమిషం లాగ్‌ని జత చేసి.

మిగిలిపోయింది ఒకటుంది. ఆ పాత ప్రోగ్రాము 32 బిట్లదే కాబట్టి దాని గడియారం కూడా 32 బిట్లదే. 2038 జనవరి 19న, మన టైముకి ఉదయం 8:44కి అది నిండిపోతుంది. సోర్సు లేదు కాబట్టి దిద్దే దారి లేదు, ఆలోపు ప్రోగ్రామునే మార్చుకోవాలి. ఫోర్‌మన్ గారికి ఇది చెప్పి, ప్యానెల్ తలుపు లోపలి వైపు రాసిపెట్టమన్నాను. ఆయన తేదీ రెండుసార్లు చెప్పించుకుని, తలుపు మీద వేలితో రాసి చూశారు. వేలికి తుప్పు అంటుకుంది.

"ముందు దీనికి రంగెయ్యాలి మేడమ్‌గారూ. లేపోతే ఏడాది కూడా ఉండదు," అన్నారు.